వేడి పెరిగినా తగ్గిన తొట్టి ఆవిరి

వ్యవసాయ వాతావరణ కేంద్రాల ఆవరణలో, వర్షమాపకానికి కొద్ది దూరంలో, చెక్క చట్రం మీద గుండ్రని లోహపు తొట్టి ఒకటి ఉంటుంది. దాని వ్యాసం సుమారు 120 సెంటీమీటర్లు, లోతు 25 సెంటీమీటర్లు. మన దేశంలో పక్షులు నీళ్ళు తాగిపోకుండా దానిపై తీగవల కప్పుతారు. నీటిమట్టం ముందురోజు కంటే ఎంత తగ్గిందో కొలిచి, వాన పడి ఉంటే దానినీ లెక్కలోకి తీసుకుని, ఎంత నీరు ఆవిరైందో రాసుకుంటారు. చదువుకునే రోజుల్లో దీనిని మొదటిసారి చూసినప్పుడు, భూమి వేడెక్కుతున్న కొద్దీ ఈ అంకె కూడా ఏటికేడు పెరుగుతూ ఉంటుందనే అనుకున్నాను.

నా అంచనా తప్పని చాలా కాలానికి తెలిసింది. అమెరికాలోనూ, పూర్వపు సోవియట్ యూనియన్‌లోనూ తొట్టి ఆవిరి దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చిందని 1995లో పీటర్సన్ బృందం ‘నేచర్’ పత్రికలో చూపింది. భారతదేశంలోనూ అదే జరిగిందని 1997లో ఛటోపాధ్యాయ్, హ్యూమ్ ప్రకటించి, గాలిలో తేమ పెరగడంతో దానికి సంబంధం ఉందన్నారు. నిజానికి ఆవిరిని నిర్ణయించేది వేడి ఒక్కటే కాదు. నేలను చేరే ఎండ, గాలి వేగం, గాలిలోని తేమ, ఉష్ణోగ్రత అనే నాలుగింటినీ శాస్త్రవేత్త పెన్‌మన్ 1948లోనే ఒకే సూత్రంలోకి తెచ్చాడు. ఆకాశంలో ధూళి, పొగ పెరిగి ఎండ మందగించినా, గాలి నెమ్మదించినా, ఉష్ణోగ్రత పెరుగుతున్న కాలంలో కూడా తొట్టిలో నీరు తక్కువగానే తరుగుతుంది.

అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరో వివరణ. నేల నుంచి ఆవిరయ్యే నీటినీ, మొక్కలు ఆకుల ద్వారా వదిలే నీటినీ కలిపి బాష్పీభవన బాష్పోత్సేకం అంటారు (పలికేసరికే ఆయాసం వచ్చే పేరు). తొట్టి కొలిచేది దీనిని కాదు. గాలికి ఎంత దాహం ఉందో మాత్రమే అది చెబుతుంది. చుట్టూ ఎండిన దుక్కి ఉంటే, ఆవిరి చేయడానికి నేలలో నీరు లేక ఎండ శక్తి గాలిని వేడెక్కిస్తుంది, ఆ పొడిగాలి తొట్టి మీదుగా వీచి నీటిని త్వరగా తోడేస్తుంది; అదే చుట్టూ నాట్లు పడిన మాగాణి ఉంటే, పొలం వదిలిన తేమ వల్లనే తొట్టిలో నీరు నిలుస్తుంది. ఈ పరస్పర సంబంధాన్ని బూషే 1963లో ప్రతిపాదించగా, తొట్టి అంకె తగ్గడం అంటే నేల నుంచి వాస్తవంగా ఆవిరయ్యే నీరు పెరగడం కావచ్చని బ్రుట్సార్ట్, పార్లాంజ్ 1998లో వాదించారు. బోరుబావులు విస్తరించి, ఒకప్పటి మెట్ట భూముల్లో రెండో పంట పండుతున్న మన దేశానికి ఈ వాదన బాగానే వర్తిస్తుందని నా అభిప్రాయం, అయితే పొగమంచు కమ్మే గంగా మైదానంలో ఎండ తగ్గుదలను కూడా పక్కన పెట్టలేము.

నేల వదిలే నీటి లెక్క అంత సూటిగా సాగలేదు. ప్రపంచవ్యాప్తంగా అది 1982 నుంచి 1997 వరకు దశాబ్దానికి 7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగి, ఆ తరువాత ఆగిపోయిందని 2010లో వెలువడిన యుంగ్ బృందం అధ్యయనం తేల్చింది. ఆఫ్రికా, ఆస్ట్రేలియాలలో నేల తేమ తగ్గడాన్ని ముఖ్య కారణంగా చూపింది. గాలి ఎంత అడిగినా నేలలో లేని నీరు పైకి రాదు కదా. నేల వదిలే నీరు 2003–2019 మధ్య సుమారు 10 శాతం పెరిగిందని, నేలలోని నీటితో పాటు మారే భూగురుత్వాన్ని ఉపగ్రహాలు కొలిచిన లెక్కల ఆధారంగా 2021లో మరో బృందం లెక్కగట్టింది. రెండింటి కాలమూ వేరు, కొలిచే పద్ధతీ వేరు కనుక, ఒకటి నిజమైతే మరొకటి అబద్ధమని నేను అనుకోవడం లేదు.

గాలి దాహాన్ని కూడా కలుపుకునే కరవు లెక్కల్లో, వేడి ఒక్కటే చూడటానికీ నాలుగు అంశాలనూ చూడటానికీ ఉన్న తేడా సూటిగా కనిపిస్తుంది. ఉష్ణోగ్రతను మాత్రమే తీసుకునే థార్న్‌త్వైట్ సూత్రంతో గణిస్తే, గత శతాబ్దపు రెండో సగం నుంచి ప్రపంచంలో కరవు బాగా పెరిగినట్టు వస్తుంది. ఎండ, గాలి, తేమలను కూడా కలుపుకునే పెన్‌మన్–మాంటీత్ సూత్రంతో అదే కాలాన్ని గణిస్తే, ఆ పెరుగుదల చాలా స్వల్పమని షెఫీల్డ్ బృందం 2012లో చూపింది.