ఎంతసేపయింది?

మా బడిలో పదో తరగతి చదివి, కాలవగట్టు మీద వెదురు బొంగుల కొట్టు పెట్టుకున్న మా సీనియర్‌ని ఊళ్లో ఎవరూ పేరుతో పిలిచేవారు కాదు. పాడె కట్టి సాగనంపే పని ఆయనదే కాబట్టి, ఎవరింట్లో మనిషి పోయినా "కొట్టాయనకి కబురు పంపండి" అనేవారు. కబురు తెచ్చినవాణ్ణి ఆయన ముందు అడిగేది పోయిందెవరని కాదు, "ఎంతసేపయింది?" అని.

ప్రాణం పోయిన రెండు మూడు గంటల్లో ఒళ్లు బిగుసుకోవడం మొదలవుతుంది. ముందు కనురెప్పలూ దవడా, తరవాత కాళ్లూ చేతులూ. మన ఎండలకి ఇంకా ముందే. అంచేత తాను బయల్దేరకుండానే పని పురమాయించేవారు: కళ్లు మూసి కాసేపు వేళ్లతో అదిమి ఉంచండి, గడ్డం కిందనుంచి నడినెత్తికి గుడ్డ కట్టండి, కాళ్లు చాపి బొటనవేళ్లు కలిపి కట్టండి. ఇది ఆలస్యమైతే నోరు తెరుచుకునే ఉండిపోతుంది. గుండెకి పేస్‌మేకర్ ఉంటే డాక్టరు చేత ముందే తీయించమనేవారు. మంటలో అది పేలుతుంది.

పాడెకి పచ్చి వెదురే వాడేవారు. ఎండుది బరువు పడితే చీలొచ్చు. నిలువు బొంగులు మనిషి పొడవుకి రెండు వైపులా మూరెడేసి ఎక్కువుండాలి, లేకపోతే మోసేవాళ్ల భుజానికి చోటుండదు. నడుం వచ్చే చోట అడ్డకర్రలు రెండు పక్కపక్కనే వేసేవారు, బరువంతా అక్కడే కాబట్టి. కొబ్బరి తాడు తప్ప నైలాను ముట్టనిచ్చేవారు కాదు, ముడి జారుతుందని. గట్టు ఎక్కేటప్పుడు పొడుగువాళ్లు వెనక, దిగేటప్పుడు ముందు. ఈ చిన్న లెక్క తెలియకే చాలాచోట్ల పాడె ఒరుగుతుంది.

దారిలో పాడె దింపే దింపుడు కళ్లం దగ్గర మాత్రం తొందరపడనిచ్చేవారు కాదు. అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలిచాక, తానూ వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవారు. అదంతా మూఢనమ్మకమని నవ్వేవాళ్లుండేవారు గానీ, నా మటుకు నాకు అది చివరి తనిఖీలాగే అనిపిస్తుంది.

మా గోదావరి డెల్టాలో అసలు చిక్కు నీరు. వానాకాలం రెండడుగులు తవ్వితే ఊట వస్తుంది, గొయ్యి నిలవదు. చితి అయినా తడి నేల మీద పేరిస్తే కింద గాలాడక పొగే ఎక్కువ, మంట సరిగా రాదు. ఇనప చట్రం మీద పేర్చమనేవారు. బహిరంగ చితికి అయిదారు వందల కేజీల కర్ర కావాలి: మామిడి, తుమ్మ, సరుగుడు. ఆషాఢానికి ముందే ఒక చితికి సరిపడా కర్ర పాకలో దాచేవారు. తడికర్ర మీద కిరసనాయిలు పోస్తే పైపైన భగ్గుమని ఆరిపోతుంది, లోపలికి వేడి దిగదు. అడుగున పిడకలు, ఎండు కొబ్బరి డొక్కలు, చిప్పలు వేస్తే నిలకడగా అంటుకుంటుంది. 1996 నవంబరు తుపానులో కోనసీమంతా కొబ్బరిచెట్లు కూలి, ఎటు చూసినా దుంగలే, కాల్చడానికి మాత్రం కర్ర లేదు. పచ్చి కొబ్బరి దుంగ నిండా నీరే, అది మండదు.

తరవాత ఫ్రీజరు పెట్టెలొచ్చాయి. ఖాళీగా ఓ గంట తిప్పి, చల్లబడ్డాకే లోపల పెట్టాలి. వచ్చిన ప్రతివాళ్లూ మూత తీస్తే అద్దం చెమర్చి మొహమే కనపడదు. తడి వాకిట్లో ఎర్తింగ్ లేకపోతే పెట్టె ముట్టుకున్నవాళ్లకి షాక్ కొట్టొచ్చు. ప్లగ్గుకి మూడో పిన్ను ఉందో లేదో చూడకుండా ఆయన స్విచ్ వేసేవారు కాదు.

అస్థికలు అంతర్వేదిలో కలిపాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు. కానీ మరణం 21 రోజుల్లో నమోదు చేయించాలి. 30 రోజుల దాకా ఆలస్య రుసుము, ఆపైన అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు. ఆధార్లో ఉన్న పేరే అక్షరం పొల్లుపోకుండా రాయించాలి, లేదంటే పింఛనూ బీమా ఆగిపోవచ్చు. కొట్టు గోడ మీద సుద్దముక్కతో ఇంటి గుర్తూ, ఇరవై ఒకటో రోజు తేదీ రాసుకునేవారు. కాగితం చేతికొచ్చిందని తెలిశాకే తడిగుడ్డతో తుడిచేవారు. ఏ ఇంటి కాగితం ఆగిందో ఆ గోడ చూసి పక్క టీ కొట్టువాళ్లు కూడా చెప్పేవారు.