నౌపడా నుంచి గునుపురం దాకా

మా మేనమామ చిన్నతనంలో కాశీనగరం నుంచి పర్లాకిమిడి బడికి చిన్న రైలులోనే వచ్చేవారు. బొగ్గు నలుసులు పడి తెల్లచొక్కా మచ్చలమయమయ్యేదని, వాటిని రుద్దలేక అమ్మమ్మ విసిగిపోయేదని ఇంట్లో ఎన్నోసార్లు విన్నాను. ఆ దారి మొత్తాన్ని ఆయనతో కలిసి ఒక్క రోజులో చూడాలని మొన్న ఆదివారం తెల్లవారకముందే పర్లాకిమిడి నుంచి కారులో శ్రీకాకుళం జిల్లాలోని నౌపడా చేరాము.

మద్రాసు, హౌరాల ప్రధాన మార్గం నౌపడా మీదుగానే పోతుంది. తన రాజధానిని ఆ మార్గానికి కలపాలని పర్లాకిమిడి జమీందారు గౌరచంద్ర గజపతి సుమారు 7 లక్షల రూపాయలతో వేయించిన 40 కిలోమీటర్ల నారోగేజి లైను 1900 ఏప్రిల్ 1న మొదలైంది. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లని చెబితే మామయ్య తల అడ్డంగా ఊపారు. పొలం గట్టున కంచెస్తంభంగా పాతిన పాత పట్టా ముక్క పక్కన కూర్చుని, నేల మీద మూరన్నర కొలిచి, దానికి మూడు అంగుళాలు కలిపి, "ఇదీ మా రైలు వెడల్పు" అని గీత గీశారు. ఇప్పటి బ్రాడ్‌గేజి అందుకు రెట్టింపు కంటే ఎక్కువ, 1676 మిల్లీమీటర్లు.

టెక్కలిలో టీ తాగి పాతపట్నం వచ్చాము. అక్కడి స్టేషన్ బోర్డు మీద పేరు తెలుగులో ఉంది. మహేంద్రతనయ నది దాటి పర్లాకిమిడి స్టేషన్‌కు వస్తే ఒడియా అక్షరాలు పలకరిస్తాయి. లైను ప్రారంభమైన నాటికి సరిగ్గా 36 ఏళ్ల తర్వాత, మళ్లీ ఏప్రిల్ 1నే, ఒడిశా వేరు రాష్ట్రమై పర్లాకిమిడి అందులోకి వెళ్లింది. ఒక జమీందారు వేయించిన రైలు ఆ రోజు నుంచి రెండు రాష్ట్రాల బండి అయింది. సవర భాషకు వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారు దశాబ్దాలు నివసించిన ఈ ఊరిని విడిచి రాజమండ్రికి వెళ్లిపోయింది కూడా 1936లోనే. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ సంగతి తలుచుకున్నప్పుడు నాకు మాట రాలేదు. పర్లాకిమిడి వీధుల్లో ఈ రోజుకూ తెలుగు, ఒడియా ఒకే నోట వినబడతాయి. బేరమాడే మనిషి వాక్యం మధ్యలోనే భాష మార్చేస్తాడు. సరిహద్దు గీతను మించి ఊరిని కలిపి ఉంచింది ఈ మాటలేనని నేను గట్టిగా నమ్ముతాను.

భోజనాల తర్వాత కాశీనగరం మీదుగా వంశధార లోయ వెంట సాగాము. 1930 ప్రాంతంలో గునుపురం వరకు పొడిగించిన భాగమిది. ఒక పక్క నది, మరో పక్క సవరలు నివసించే కొండలు. 2004 జూన్‌లో చిన్న బండి ఆగిపోయింది. 2011లో బ్రాడ్‌గేజి గునుపురానికి చేరేవరకు ఈ లోయ ప్రజలు రైలు లేకుండానే గడిపారు. మార్పు అవసరమే, అయినా ఒక్క పాత స్టేషన్ గదినైనా ఉన్నదున్నట్టు నిలిపి ఉంటే బాగుండేది.

గునుపురంలో సాయంత్రం బండికి మామయ్య ఉన్నట్టుండి కాశీనగరానికి టికెట్ తీసుకున్నారు. నేను కారులో ముందుగా వెళ్లి స్టేషన్‌లో నిలబడ్డాను. బండి దిగిన ఆయన దీపం కిందికి వచ్చి, చొక్కా చేతిని వెలుగులో తిప్పి చూసుకున్నారు. ఒక్క నలుసు కూడా లేదు.