నెపోలియన్ గుర్రం మీద ఇంకెవరో

ఆదివారం. మంచం మీద ఉతికిన బట్టల గుట్ట, పక్కన ల్యాప్‌టాప్. మడతలు పెట్టేటప్పుడు విసుగు రాకుండా ఏదో ఒకటి చూడటం నాకు అలవాటు. ఇవాళ పెయింటింగులు పెట్టుకున్నాను. గంటలో అయిపోవాల్సిన పని మధ్యాహ్నం దాకా తెమల్లేదంటే దానికి బాధ్యుడు అమెరికా చిత్రకారుడు కెహిండే వైలీ.

ఆయన 2005లో వేసిన నెపోలియన్ బొమ్మను ఎప్పుడో ఫోన్‌లో చూశాను. తమాషాగా ఉందే అనుకుని అప్పుడు పక్కకు తోసేశాను. ఇవాళ పెద్దది చేసి చూశాను. జాక్ లూయీ దావీద్ 1801లో వేసిన అసలు బొమ్మ తెలియనివాళ్లు తక్కువ. ముందుకాళ్లు పైకెత్తిన గుర్రం, గాలికి ఎగిరే వస్త్రం, ఆల్ప్స్ కొండల్లోకి చెయ్యి చాపి దారి చూపిస్తున్న నెపోలియన్. వైలీ బొమ్మలోనూ అదే గుర్రం, అదే చెయ్యి. ఎక్కి కూర్చున్న మనిషి మాత్రం వేరే. మిలిటరీ మచ్చల డ్రెస్సు, తలకు కట్టిన గుడ్డ, కాళ్లకు టింబర్‌లాండ్ బూట్లు, వీధిలో ఎదురుపడే ఒక నల్లజాతి కుర్రాడు. వెనకాల ఆకాశం ఉండాల్సిన చోట ఎర్రటి నేపథ్యం మీద బంగారు రంగు లతలు అల్లుకుని ఉన్నాయి.

నా చేతిలో చొక్కా ఆగిపోయింది మాత్రం కింద ఉన్న బండల దగ్గర. దావీద్ ఆ బండల మీద మూడు పేర్లు చెక్కినట్టు వేశాడు: బోనపార్ట్, అంతకుముందు ఆల్ప్స్ దాటిన హానిబల్, షార్లమేన్. వైలీ ఆ పేర్లను చెరపలేదు. వాటి సరసనే ‘విలియమ్స్’ అని ఇంకో పేరు చేర్చాడు. బొమ్మకు పోజిచ్చిన కుర్రాడి ఇంటిపేరట. ఎవర్నీ కొండ దింపకుండానే తన మనిషిని ఎక్కించేశాడు.

ఇంతకీ నెపోలియన్ ఆ కొండలు దాటింది గుర్రం మీద కూడా కాదు, కంచరగాడిద మీద. బొమ్మ కోసం దావీద్ ముందు కూర్చోవడానికీ ఒప్పుకోలేదు. ఆ ముఖం, ఆ ఠీవి, ఆ గాలి అన్నీ చిత్రకారుడు సమకూర్చినవే. దావీద్ అలాంటివి ఒకటి కాదు, ఐదు వేశాడు. ఆ కాలానికి అది కటౌటే. మ్యూజియంలో గొలుసు అవతల వేలాడదీసి ఉండేసరికి మనం గొంతు తగ్గించి మాట్లాడుతున్నాం కానీ, వైలీ కటౌట్‌ను కటౌట్‌గానే చూశాడు.

తెలుగువాళ్లకు ఈ ఆట కొత్తేమీ కాదు. జరుక్ శాస్త్రి తన తోటి కవులకు పేరడీలు రాశాడు, శ్రీశ్రీనీ వదల్లేదు. పేరడీ పండాలంటే రాసేవాడికి అసలు పద్యం నడక నోటికి వచ్చి ఉండాలి. చదివేవాడికీ కొంత తెలిసి ఉండాలి. బొమ్మల్లో ఇది ఇంకా కష్టం. గుర్రం నకలు వెయ్యాలంటే గుర్రాన్ని వెయ్యడం రావాలి, ఎంత వెటకారమైనా సరే.

అది లేనివే ఎక్కువగా కనిపిస్తున్నాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న మోనాలిసా, సెల్ఫీ తీసుకునే మోనాలిసా, బబుల్‌గమ్ ఊదే మోనాలిసా. నాకు వీటితో ఓపిక అయిపోయింది. మార్సెల్ దుషాంప్ 1919లోనే మోనాలిసా పోస్ట్‌కార్డు మీద మీసం, గడ్డం గీసి ఆ పని పూర్తి చేశాడు. మొదటివాడికి తెగువ కావాలి, తర్వాతివాళ్లకు కంప్యూటర్ చాలు. ఫెర్నాండో బొటేరో 1959లో వేసిన పన్నెండేళ్ల మోనాలిసా మాత్రం వేరే సంగతి. ఫ్రేము సరిపోనంత బూరెబుగ్గల తల. చూడగానే నవ్వొస్తుంది. ఆ తర్వాత, ఆ గుండ్రటి ముఖంలో కూడా లియొనార్డో నవ్వు ఎలా నిలబడిందో అర్థం కాక మళ్లీ చూస్తాం.

మనవాళ్లలో అతుల్ దోడియా ఉన్నాడు. 1994లో ‘బాంబే బకనీర్’ (బాంబే సముద్రపు దొంగ) అని తన బొమ్మే వేసుకున్నాడు, ‘బాజీగర్’ సినిమా పోస్టర్ పద్ధతిలో. హీరో ఫోజు, నల్లకళ్లద్దాలు. పోస్టర్‌లో అయితే అద్దాల్లో కనిపించేది హీరోయిన్లు. ఇక్కడ ఆ అద్దాల్లో కనిపించేది చిత్రకారులు, ఒకదాంట్లో డేవిడ్ హాక్నీ, ఇంకోదాంట్లో భూపేన్ ఖఖ్ఖర్. తన గురువులు ఎవరో దండలు, దండాలు లేకుండా చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు.

సాయంత్రం మా అమ్మాయికి జపాన్ కార్టూన్ పోకెమాన్‌లోని పికాచు బొమ్మ చూపించాను. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్యాన్ గో మ్యూజియం 2023లో తన యాభయ్యో ఏడు సందర్భంగా పోకెమాన్ వాళ్లతో కలిసి ప్రదర్శన పెట్టింది. అందులో వ్యాన్ గో బూడిదరంగు టోపీ పెట్టుకున్న పికాచు ఉంది. ఆ బొమ్మతో ఉచితంగా ఇచ్చిన కార్డు కోసం జనం ఎంత ఎగబడ్డారంటే, భద్రత కారణంగా దాన్ని పంచడమే ఆపేశారు.

“అమ్మా, వ్యాన్ గో పికాచును చూశాడా?”

“లేదే, ఆయన పోయిన వందేళ్లకు పైగా అయ్యాక వచ్చింది పికాచు.”

“మరి పికాచు ఆయన్ని చూసిందా?”

చూసే ఉంటుంది, లేకపోతే ఆ టోపీ ఎక్కడిది అన్నాను. అది ఒప్పుకుంది. పెద్దవాళ్లయితే కళ కాస్తా వ్యాపారమైపోయిందని మొదలుపెట్టేవారు. కార్డుల గోల వ్యాపారమే, కాదనను. కానీ వ్యాన్ గో కూడా పారిస్‌లో ఉండగా జపాన్ ముద్రణ చిత్రాలను వందలకొద్దీ కొని పోగేశాడు. జపాన్‌లో వాటిని చవగ్గా అమ్మేవారు, వాటిలో నాటకాల హీరోలు, ఊరి అందాలు ఉండేవి. మామూలు జనం కొనుక్కునే సరుకు. 1887లో ఆయన జపాన్ చిత్రకారుడు హిరోషిగె వేసిన ప్లమ్ తోటను, వానలో వంతెనను ఆయిల్ రంగుల్లో మళ్లీ వేశాడు. చుట్టూ అంచుల్లో జపాన్ అక్షరాలు కూడా పెట్టాడు, అందం కోసం, వేరే బొమ్మల్లోంచి ఎత్తి, అర్థంతో పని లేకుండా. ఇలా చూస్తే పికాచు టోపీ అప్పు తీర్చినట్టే.

రాత్రి ఇది రాస్తుంటే ఆండీ వార్హోల్ గుర్తొచ్చాడు. ఆయన వేసిన సూప్ డబ్బాల బొమ్మలు అందరికీ తెలుసు. చివరి రోజుల్లో లియొనార్డో ‘ది లాస్ట్ సప్పర్’ మీద పడి దగ్గర దగ్గర వంద బొమ్మలు చేశాడు. 1986లో చేసిన ఒకదాంట్లో క్రీస్తు, శిష్యులు ఉన్న బొమ్మ మీదే డవ్ సబ్బు లోగో, జనరల్ ఎలక్ట్రిక్ లోగో, 59 సెంట్లని ధర చీటీ. మొదటిసారి చూసినప్పుడు ఇది వెక్కిరింపే అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. క్రైస్తవులకు పావురం పరిశుద్ధాత్మ, సబ్బు పేరు కూడా పావురమే. జనరల్ ఎలక్ట్రిక్ అప్పట్లో అమ్మింది బల్బులు, అంటే వెలుగు. వార్హోల్ చర్చికి క్రమం తప్పకుండా వెళ్లేవాడు, ఆ సంగతి పెద్దగా చెప్పుకునేవాడు కాదు. 1987 జనవరిలో మిలాన్‌లో, అసలు కుడ్యచిత్రం ఉన్న చోటికి ఎదురుగానే, ఈ బొమ్మల ప్రదర్శన జరిగింది. ఫిబ్రవరిలో ఆయన పోయాడు. నన్నడిగితే ఆయన క్రీస్తునీ సీరియస్‌గానే తీసుకున్నాడు, సబ్బునీ సీరియస్‌గానే తీసుకున్నాడు.