యాషికా పేరు మిగిలింది

పాస్‌పోర్టు ఫొటోల కోసం పొద్దున గంటస్తంభం దగ్గరి స్టూడియోకు వెళ్లాను. కరెంటు లేదు. ఖాళీగా కూర్చుంటే అద్దాల బీరువాలో యాషికా మ్యాట్ 124జి అనే పాత జపాన్ ఫిల్ము కెమెరా కనిపించింది. యజమాని దాన్ని తీసి నా చేతికిచ్చారు. పిడి తిప్పి మీట నొక్కితే షట్టర్ ఇప్పటికీ శుభ్రంగా పడుతోంది. పైడితల్లి సిరిమానును ఏళ్ల తరబడి దీనితోనే తీశారట.

"బాబాయిగారూ, ఈ పేరుతో ఇప్పటికీ కెమెరాలు అమ్ముతున్నారుగా?" అన్నాను.

"పేరుదేముంది బాబూ, చేసిన చేతులు లేవుగా!" అన్నారు.

ఆయన మాట నిజమే. 1983లో యాషికాను క్యోసెరా కలుపుకుంది. పింగాణీ జాతి పదార్థాలతో పరిశ్రమ సామగ్రి చేసే సంస్థ అది. అయినా నాణ్యత వెంటనే పడిపోలేదు. టైటానియం ఒళ్లు, పేరున్న జర్మన్ సంస్థ జైస్ లెన్సు ఉన్న కాంటాక్స్ టి2 కెమెరా ఆ సంస్థ హయాంలోనే, 1990లో వచ్చింది. ఇంజనీర్లు, పనిముట్లు, పరీక్షించే పద్ధతి నిలిచినంత కాలం యజమాని మారినా కెమెరా చెడదు. 2005లో క్యోసెరా కెమెరాలు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. తర్వాత యాషికా పేరు హాంకాంగ్ చేతుల్లోకి పోయింది. ఆ పేరుతో 2017లో జనం దగ్గర ముందే డబ్బు పోగుచేసి తెచ్చిన వై35 కెమెరా చేతికందాక కొన్నవాళ్లు నాసిరకమని మండిపడ్డారు. వాళ్ల కోపం న్యాయమైనదే. వాళ్లు డబ్బు కట్టింది పాత నమ్మకం చూసి. ఆ నమ్మకాన్ని సంపాదించిన కర్మాగారం మాత్రం అమ్మకంలో లేదు.

మరో జపాన్ కెమెరా కంపెనీ మినోల్టా కథ వేరు. కొనికాతో 2003లో కలిసింది, 2006లో కెమెరాల నుంచి తప్పుకుంది. సోనీ ఆ ఏడాదే తెచ్చిన ఆల్ఫా 100 కెమెరాకు మినోల్టా 1985లో మొదలుపెట్టిన మౌంటునే, అంటే లెన్సు బిగించే అమరికనే, ఉంచింది. పాత లెన్సులు దాచుకున్నవాళ్లు వీధిన పడలేదు. కొన్న సంస్థ మర్యాద ఇక్కడే తెలుస్తుంది. ప్రకటనల్లో ఏం చెప్పినా నేను నమ్మను.

మధ్యాహ్నం తమ్ముడు ఫోను చేసి, నా పెంటాక్స్ లెన్సులు అమ్మేయమన్నాడు. ఆ కంపెనీ రెండుసార్లు చేతులు మారిందని వాడి భయం. నిజమే, ముందు హోయా, 2011లో రికో. కానీ రికో వచ్చాక 2016లో విడుదలైన పెంటాక్స్ కె-1 కెమెరాకు 1975 నాటి కె మౌంట్ లెన్సు ఇప్పటికీ అమరుతుంది. అమ్మనని చెప్పాను.