పాదం ఎత్తినవా బిడ్డా?

మన ఐటీఐ కుట్టు బ్యాచ్ మళ్లీ కలిసే రోజుకు ఒక జ్ఞాపకం రాయమని కమిటీ తమ్ముడు వాట్సాప్‌లో మూడుసార్లు గుర్తుచేశాడు: "అక్కా, ఒక్క పేజీ చాలు, ఫొటో మర్చిపోకు." ఐటీఐ ఏడాదంతా తవ్వినా నాకు దొరికేది ఒక్క మధ్యాహ్నమే. మన సార్, కిటికీ పక్క మూడో మిషిన్, ఆ స్క్రూ.

మూడో మిషిన్ ఎవరికి పడితే వాళ్లకు ఆ రోజు శని అని మీకు చెప్పక్కర్లేదు. కాలర్ మీద పై కుట్టు బాగానే ఉంది. తిప్పి చూస్తే అడుగున అన్నీ ఉచ్చులే. గందరగోళం కింద ఉంది కదా, తప్పు అడుగుదారం చుట్టిన బాబిన్‌దే అనుకున్నా. బాబిన్ కూర్చునే కేసు తీసి, దాని స్క్రూ బిగించా. లాభం లేదు. వదులు చేశా, ఇంకాస్త వదులు చేశా. ఊడి ఎటో పడింది. ఆవగింజంత స్క్రూ!

బ్యాచంతా మోకాళ్ల మీద వెతికాం. పాత స్పీకర్‌లోంచి అయస్కాంతం పీక్కొచ్చినవాడికి పేరు అప్పుడే స్థిరపడింది. ఇప్పటికీ నా ఫోన్‌లో వాడు "అయస్కాంతం"గానే ఉన్నాడు.

సార్ తిట్టలేదు. ఇంకో కేసు పెట్టి, గుడ్డను నొక్కిపట్టే పాదం ఎత్తి, పైదారం మొత్తం లాగేసి మొదటినుంచి ఎక్కించారు. అదే గుడ్డ, అదే సూది. అడుగు సాఫుగా వచ్చింది.

"పాదం దించి దారం ఎక్కించినవ్ బిడ్డా. పైదారాన్ని బిగపట్టే టెన్షన్ బిళ్లలు మూసుకునే ఉన్నయ్, దారం వాటి నడుమ పడలే. కింద ఉచ్చులొస్తే పైన చూడాలె."

దారం తీసి మళ్లీ ఎక్కించు, సూది చూడు, స్క్రూ జోలికి ఆఖరున పో. ఇదీ సార్ వరుస. ఫ్యాక్టరీ మిషిన్‌కు వాడే డీబీ సూదికి ఇంటి మిషిన్ సూదిలా కాడ ఒకవైపు చదునుగా ఉండదు, ఎటు తిప్పినా దూరుతుంది. కానీ దాని పొడుగు గాడి ఎడమకే ఉండాలి. బాబిన్ కేసును దారం పట్టి వేలాడదీస్తే ఆగాలి, చిన్న కుదుపిస్తే కాస్త జారాలి. సరిగ్గా కుదిరినప్పుడు అది సాలీడు దిగినట్టే దిగుతుంది. ఓవర్‌లాక్‌లో, అదే గుడ్డ అంచు కుట్టే మిషిన్‌లో, దారం రంగు మార్చేటప్పుడు పాత దారం లాగెయ్యకుండా కొత్తది దాని కొసకు ముడేసేవాళ్లం కదా, సూది బెజ్జం దగ్గర ముడి ఇరుక్కుని మన కవలలు కొట్టుకున్నది గుర్తుందా?

2017లో వరంగల్ దగ్గర గీసుగొండ, సంగెం వైపు మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన అయినప్పుడు నేను తిరుప్పూర్‌లో పీస్ రేటు మీద కుడుతున్నా. ఇప్పుడు ఆ పార్కులోనే లైన్ సూపర్‌వైజర్‌ని. నలభై మిషిన్లు. మా అమ్మ బస్సులో పక్కసీటు వాళ్లకు కూడా చెబుతుంది.

కొత్త పిల్లలు పరిగెత్తుకొస్తారు, "మేడం, బాబిన్ ఖరాబైంది" అని. నేను లేవకుండానే అడుగుతా, "పాదం ఎత్తినవా బిడ్డా?" సగంమంది అక్కడినుంచే వెనక్కి పోతారు.

ఇంకొకటి. ఆ స్క్రూ సాయంత్రం నా చెప్పు అడుగున గుచ్చుకుని దొరికింది. మీ మోకాళ్ల దుమ్ము తలుచుకుని నోరు విప్పలేదు. సూదుల డబ్బాలో ఉంది, కలిసిన రోజు తెస్తా. అయస్కాంతం ఒక్కడికి ముందే చెప్పకండి.