చర్చి తాళంచెవి ఎవరి దగ్గర? సోవియట్ మత చట్టాలు చదివిన నా అనుభవం

సోవియట్ ప్రభుత్వం రష్యన్ ఆర్థడాక్స్ చర్చిని ఎలా గుప్పిట్లో పెట్టుకుందో తెలుసుకోవాలని మొదట అరెస్టులు, కాల్చివేతలు, కూల్చివేతలు వరసగా రాసుకున్నాను. పేజీలు నిండాయి గానీ అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. అంతమంది మతగురువులను చంపిన ప్రభుత్వమే 1943లో ఆ చర్చిని మళ్లీ ఎలా నిలబెట్టి నడిపించింది? దారి మార్చి, ఒక ఊరి చర్చి తాళంచెవి చట్టప్రకారం ఎవరి దగ్గర ఉండేదో వెతికాను. ముడి అక్కడ విడింది.

ముందు తేదీల చిక్కు తీర్చుకోవాలి. చర్చిని రాజ్యం నుంచి విడదీసిన డిక్రీ 1918 జనవరి 23న వెలువడిందని ఒకచోట, ఫిబ్రవరి 5న అని మరోచోట కనిపిస్తుంది. రెండూ ఒకే రోజు: మొదటిది రష్యా అప్పటిదాకా వాడిన జూలియన్ క్యాలెండర్ తేదీ. పాత క్యాలెండర్‌కు 13 రోజులు కలపాలి. పేర్లదీ అదే గొడవ: చెకా, జీపీయూ, ఓజీపీయూ, ఎన్‌కేవీడీ, కేజీబీ అంటూ రహస్య పోలీసుల బోర్డు మారుతూ వస్తుంది.

ఆ డిక్రీతో చర్చికి సొంత ఆస్తి లేకుండా పోయింది. భవనం, పూజా పాత్రలు, అన్నీ ప్రజల ఆస్తి. మరి ఆరాధన చేసుకోవడానికి వాటిని ఎవరికిస్తారు? 1929 ఏప్రిల్ 8 చట్టం చదివితే తెలుస్తుంది. 18 ఏళ్లు నిండిన విశ్వాసులు కనీసం 20 మంది సంతకాలు చేసి సంఘంగా రిజిస్టర్ చేసుకోవాలి. వీళ్లనే 'ద్వాద్త్సాత్కా' అనేవారు, అంటే ఇరవై మంది గుంపు. భవనం కాంట్రాక్టు వాళ్ల పేరిట, మరమ్మతుల భారమూ వాళ్ల మీదే. పేదలకు సాయం, పిల్లల కూటాలు, గ్రంథాలయం నిషేధం. నేను రెండుసార్లు చదివి ఆగింది మరో నిబంధన దగ్గర: సంఘం ఎన్నుకున్న కార్యవర్గం నుంచి ఎవరినైనా తీసేసే హక్కు రిజిస్టర్ చేసే అధికారికి ఉంది. ఇంకేం కావాలి?

ఇక్కడ తెలుగువాళ్లకు దేవాదాయ శాఖ గుర్తొస్తుంది. ఆ పోలిక సరిపోదు. మన దగ్గర ఈవోను ప్రభుత్వం బాహాటంగా నియమిస్తుంది. అక్కడ కాగితం మీద రాజ్యానికీ చర్చికీ సంబంధమే లేదు.

పైనుంచి పట్టడానికి చేసిన ప్రయత్నం మాత్రం తడబడింది. 1922లో పేట్రియార్క్ (చర్చి అధిపతి) టిఖోన్‌ను గృహనిర్బంధంలో ఉంచి, జీపీయూ అండతో 'సజీవ చర్చి' అనే సంస్కరణవాద గురువుల వర్గాన్ని ముందుకు తెచ్చారు. వాళ్లు బిషప్పులకు పెళ్లిళ్లు, భార్య చనిపోయిన గురువులకు రెండో పెళ్లి అనుమతించేసరికి భక్తులు దూరమయ్యారు. 1927 జులైలో మెట్రోపాలిటన్ (పెద్ద బిషప్) సెర్గి ప్రభుత్వానికి విధేయత ప్రకటించినా దక్కింది తక్కువే. 1939 నాటికి తమ పీఠాల్లో పనిచేస్తున్న బిషప్పులు నలుగురే మిగిలారు.

రెండో ప్రపంచ యుద్ధం లెక్క మార్చింది. 1943 సెప్టెంబర్ 4 రాత్రి స్టాలిన్ ముగ్గురు మెట్రోపాలిటన్లను పిలిపించుకున్నాడు. నాలుగు రోజుల్లో 19 మంది బిషప్పులు సమావేశమై సెర్గిని పేట్రియార్క్‌గా ఎన్నుకున్నారు. కొందరిని విమానాల్లో రప్పించారు. చర్చి వ్యవహారాలకు కొత్తగా ఒక మండలి పెట్టి, రహస్య పోలీసు అధికారి కార్పోవ్‌ను అధిపతిని చేశారు. ఒక్కో ప్రాంతానికీ ఒక ప్రతినిధి. అతని దగ్గర నమోదు కాని గురువు ప్రార్థన నడపడానికి వీల్లేదు.

తాళంచెవి కథ పూర్తయ్యేది స్టాలిన్ తర్వాత వచ్చిన క్రుశ్చేవ్ కాలంలో. 1961 జులై 18న మాస్కో దగ్గరి జగోర్స్క్‌లో బిషప్పుల సభ, ప్రభుత్వ ఒత్తిడితో, గురువును సంఘం ఆర్థిక వ్యవహారాల నుంచి తప్పించింది. ఇకపై సంఘ పెద్ద, సహాయకుడు, కోశాధికారి ముగ్గురే డబ్బూ భవనమూ చూస్తారు. గురువు వాళ్లకు కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి. ఆ ముగ్గురిలో ఎవరుండాలో స్థానిక అధికారులు చూసుకునేవారు. చర్చి మూయాలంటే పోలీసులు అక్కర్లేదు. ఇరవై మందిలో కొందరు తప్పుకుంటే కాంట్రాక్టు నిలవదు. 1958లో 13 వేలకు పైగా ఉన్న చర్చిలు 1966కి ఏడున్నర వేలకు తగ్గాయి.

సంఘం పాలనలో గురువు స్థానాన్ని తిరిగి ఇచ్చింది 1988 చర్చి సభ. అప్పటికి 1929 చట్టం ఇంకా రద్దు కాలేదు.