కాలనీ పార్కులో గులాబీలు

నాగోల్‌లోని మా కాలనీ పార్కులో ఒక మూల ఖాళీగా ఉంటే, గులాబీలు వేద్దామని సంఘం మీటింగ్‌లో అడిగాను. అందరూ సరేనన్నారు. నీళ్ళు ఎవరు పట్టాలన్న దగ్గరే చర్చ సాగి, చివరికి "మీరే చూసుకోండి సార్" అని తేల్చేశారు.

తవ్వితే అంతా మొరమే. పార దిగదు, గడ్డపార పట్టాల్సిందే. రెండున్నర అడుగుల ఎడంతో, ఒకటిన్నర అడుగుల లోతు గుంతలు తీయించాం. ఎర్రమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి నింపాం. నర్సరీ నుంచి తెచ్చినవి అంటుమొక్కలు. అంటు కట్టిన బుడిపె మట్టిలో కూరుకుపోకూడదు.

ఆ బుడిపె దగ్గరే ఉంది అసలు కథంతా. దాని కింద నుంచి వేరుమొక్క, అంటే మంచి రకాన్ని అంటు కట్టిన అడుగు మొక్క, చిగుళ్ళు ఏపుగా లేస్తాయి. చూసేవాళ్ళకు మొక్క బ్రహ్మాండంగా పెరుగుతున్నట్టే ఉంటుంది. వదిలేస్తే మాత్రం పైనున్న మంచి రకాన్ని అవే మింగేస్తాయి. నేను వాటిని మొదలంటా పీకుతుంటే, వాకింగ్‌కు వచ్చే ఒక పెద్దాయన "పచ్చటి కొమ్మలండీ, పాపం" అని బాధపడేవారు. వానలు తగ్గి అక్టోబర్‌లో కత్తిరింపు మొదలుపెట్టాక నాతో మాటలే మానేశారు. కొమ్మల్ని సగానికి, బయటి వైపు చూసే కన్నుకు (చిగురు పుట్టే చోటుకు) కాస్త పైన, ఏటవాలుగా కోయాలి. కోసిన చోట కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజు తెగుళ్ళ మందును ముద్దగా పూశాను. లేదంటే కొమ్మ నల్లబడి పైనుంచి కిందికి ఎండుతూ వచ్చే ప్రమాదం ఉంది. డిసెంబర్ కల్లా పూలు విరగబూశాయి. పెద్దాయన "ఆ ఎర్రది ఏం రకం?" అంటూ మళ్ళీ పలకరించారు. గ్లాడియేటర్ అని చెప్పాను.

ఇక కొత్త టెన్షన్, తెల్లారకముందే పూజకు కోసుకెళ్ళేవాళ్ళతో. బోర్డు పెడితే దాని పక్కనే నిలబడి కోశారు. దేవుడి పేరు చెప్పాక ఏమంటాం? కంచె వెంబడి నాటు గులాబీలు వేసి, పూజకు ఇవి కోసుకోమన్నాం. లోపలి పూలు పోవడం ఆగలేదు గానీ బాగా తగ్గింది. కొమ్మ విరుస్తున్న ఒకావిడకు కట్టర్ ఇచ్చి, ఐదాకుల రెమ్మకు పైన కోయడం చూపించాను. ఇప్పుడు వాడిన పూలు తీసేసే పని ఆవిడదే.

ఎండలు ముదిరాక పూల మీద పెద్దగా ఆశ పెట్టుకోను. మొదళ్ళ చుట్టూ ఎండుటాకులు పరిచి, ఉదయాన్నే నీళ్ళు పెడతాను. ఆకుల అడుగున ఎర్రనల్లి చేరితే ముందు పైపుతో నీళ్ళు గట్టిగా కొడతాను. మందు ఆ తర్వాతే. పిల్లలు ఆడుకునే చోటు కదా.